మధ్యాహ్నం దాకా ఆపుకోమన్నారు

మా పెద్దాడు పుట్టిన ఘడియ చాలా గొప్పదని మా అత్తగారు ఇప్పటికీ చెబుతూంటారు. గొప్పది కాక ఏమవుతుంది? కోరి కోయించిన ఘడియ కదా.

అప్పటికి నాకు నొప్పులే రాలేదు. నెలలు నిండాయి, బిడ్డ తల కిందికి తిరిగింది, ఇంకో వారం చూద్దామని మా పుట్టింటి దగ్గరి డాక్టరు చెప్పింది. తొలికాన్పు పుట్టింట్లో కనక నేను రాజోలు దగ్గర మా అమ్మావాళ్ళింట్లో ఉన్నాను. ఒకరోజు పొద్దున్నే మా అత్తగారు కొత్తపేట అవతల నుంచి రెండు బస్సులు మారి వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా మా అమ్మతో, "వదినగారూ, ఆపరేషనుకి సిద్ధాంతిగారి చేత మంచి టైము పెట్టించేనండి. ఈ వారం దాటితే నక్షత్రాలు బాలేవంటండి" అన్నారు. మా అమ్మ "ఆయ్, అలాగేనండి" అంది. ఆడపిల్లనిచ్చుకున్న వాళ్ళ నోట అంతకంటే పెద్ద మాట రాదు. నన్నెవరూ అడగలేదు. పెళ్ళి ముహూర్తమప్పుడూ అడగలేదు కనక ఇదీ అలాంటిదే కాబోలనుకున్నాను.

పెళ్ళికి పీటల మీద కూర్చోబెట్టారు, దీనికి బల్ల మీద పడుకోబెట్టారు. లేచేసరికి పిల్లాడు మా అమ్మ ఒళ్ళో ఉన్నాడు. అక్కణ్ణుంచి నెలలపాటు అక్కడే ఉన్నాడు. నా కుట్లు చీము పట్టాయి. పక్కకి ఒత్తిగిలాలంటే ఏడుపొచ్చేది. పిల్లాడు ఏడిస్తే నేను లేచేలోపు మా అమ్మ ఎత్తుకునేది, పాలు చాలక డబ్బాపాలు ఆవిడే పట్టేది. వాడు తొలిసారి "అమ్మ" అన్నది కూడా ఆవిణ్ణి చూసే. అందరూ ముచ్చటగా నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఆ నవ్వు నా మొహానికి ఎవరో అంటించినట్టుంది.

అందుకే రెండోసారి నెల తప్పినప్పుడు నాకొకటే కోరిక పుట్టింది. ఈ బిడ్డని నేనే కనాలి. పుట్టగానే ముందు నా చేతుల్లోకే రావాలి. ఎవరో తీసి ఎవరికో ఇస్తే, చివరికి నా దగ్గరికి రావడం కాదు. ఇంత చిన్న కోరిక చెప్పుకోడానికి కూడా నాకు మనుషులు దొరకలేదు. మా ఆయన మస్కట్‌లో ఉన్నారు. వెల్డింగు పని, ఎత్తైన ఇనపమెట్ల మీద నిలబడి చేసే పని. శుక్రవారం సెలవు కనక ఆ సాయంత్రం మా ఎదురింటివాళ్ళ ఫోనుకి చేసేవారు. ఎదురింటి హాల్లో, వాళ్ళ ఇంటిల్లిపాదీ టీవీ చూస్తున్నట్టు నటిస్తూ చెవులు ఇటు పెట్టుకుని ఉండగా, మొగుడితో కాన్పు సంగతి ఏం మాట్లాడతాం?

రెండో కాన్పు అత్తవారిది. మా అత్తగారు నన్ను అమలాపురంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. అత్తగారు మందులు కొనడానికి వెళ్ళినప్పుడు ధైర్యం చేసి అడిగాను. "డాక్టరుగారూ, ఈసారి మామూలుగా అవ్వదాండీ?"

ఆవిడ నా పాత మచ్చ మీద వేలు పెట్టి చూసింది. "ఎందుకవ్వదూ? నిన్ను కోసింది బిడ్డ అడ్డం తిరిగి కాదు. కోత కూడా కింద అడ్డంగానే పెట్టేరు. కాన్పుకీ కాన్పుకీ ఎడం కూడా బానే ఉంది. అవ్వడానికే ఎక్కువ అవకాశం."

నాకు లేచి గంతెయ్యాలనిపించింది.

"కానీ విను" అంది. "నొప్పులప్పుడు లోపలి కుట్టు విడిందనుకో, అప్పటికప్పుడు పొట్ట కొయ్యాలి. లేకపోతే నువ్వూ దక్కవు, బిడ్డా దక్కదు. కొయ్యాలంటే మత్తిచ్చే డాక్టరుగారు పక్కనుండాలి. మనకి ఆయన రాజమండ్రి నుంచి రావాలి. పెద్దాసుపత్రిలో అయితే చూద్దామనేదాన్ని. ఇక్కడ నీ అదృష్టం మీద నేను పందెం కాయలేనమ్మా."

ఆవిడ మాటలో తప్పేం లేదు. తప్పుంటే పోట్లాడేదాన్ని. నాకున్న కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక, ఇంటికొచ్చి అంట్ల గిన్నెల మీద పెట్టాను. శుక్రవారం ఫోనొచ్చినప్పుడు గొంతు తగ్గించి మా ఆయనతో కాకినాడ పెద్దాసుపత్రి మాట ఎత్తాను. "అమ్మ చెప్పినట్టు విను. నువ్వక్కడ, నేనిక్కడ. ఏదన్నా అయితే నేనేం చెయ్యగలను?" అన్నారు. ఆ గొంతులో అధికారం లేదు, భయమే ఉంది. అధికారమయితే ఎదురు చెప్పి ఉందును. భయానికి ఏం చెబుతాం?

మళ్ళీ సిద్ధాంతిగారే ముహూర్తం పెట్టారు. నెలాఖరులో ఒక గురువారం, పుష్యమి. ఈసారి మా అత్తగారు గోడ కేలెండరు మీద ఆ తేదీకి పసుపుబొట్టు కూడా పెట్టారు. అటొచ్చినా ఇటొచ్చినా ఆ బొట్టు నన్ను చూస్తూనే ఉండేది.

ఆ గురువారానికి ఇంకా చాలా రోజులుందనగా, ఒక పొద్దున్న మునగాకు దూస్తుంటే నడుంలో పట్టేసింది. కాసేపటికి వదిలింది, మళ్ళీ పట్టింది. ఇదేమిటో నాకు ఎవరూ నేర్పలేదు. అయినా తెలిసిపోయింది. "అత్తయ్యగారూ, నొప్పులండీ" అన్నాను.

ఆవిడ చేతిలోని చెంబు జారిపోయింది. పరుగున వెళ్ళి పక్కవీధిలోని అద్దె అంబాసిడర్ తెచ్చారు. నన్నెక్కించారు, పెద్దాణ్ణి ఎదురింటివాళ్ళకి అప్పజెప్పారు. కారు బయల్దేరింది. కొత్తపేట సెంటర్లో అమలాపురం వైపు తిరగాల్సింది, ఎడంపక్క సందులోకి తిరిగింది. సిద్ధాంతిగారిల్లు. నేను సీటులో ముడుచుకుని, కారు కిటికీ అంచు పట్టుకుని పళ్ళు కొరుక్కుంటున్నాను. ఆవిడ లోపలికెళ్ళి పంచాంగం చూపించుకుని వచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మూలటే. మొదటి పాదం. తండ్రికి గండమంట" అన్నారు. మూలా నక్షత్రాన్ని నాలుగు పాదాలుగా లెక్కేస్తారు, ఒక్కో పాదానికి ఒక్కో ఫలం. ఆ మొదటి పాదం మధ్యాహ్నం దాకా ఉంది. ఆవిడ కారెక్కి, డ్రైవరు భుజం తట్టి, "బాబూ, కాస్త నెమ్మదిగా పోనీ. మరేం తొందర లేదు" అన్నారు.

పురిటినొప్పులు పడుతున్న మనిషిని ఆసుపత్రికి నెమ్మదిగా తీసుకెళ్ళమన్న అత్తగారు ఈ సీమలో ఆవిడొక్కరే అయ్యుంటారు. ఆ డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు, ఆవిణ్ణి చూశాడు. పాపం, ఎవరి మాట వినాలో తెలియక మధ్యరకంగా నడిపాడు.

ఆవిణ్ణి రాక్షసి అనుకుంటారేమో, కాదు. చిన్నతనంలోనే మొగుడు పోతే, కొబ్బరిపీచు పనికి వెళ్ళి ఒక్క కొడుకుని పెంచిన మనిషి. ఆ కొడుకు ఇప్పుడు ఎక్కడో ఎడారిలో, ఆవిడ ఊహకి కూడా అందనంత ఎత్తున నిలబడి పని చేస్తున్నాడు. ఆవిడకి ప్రతి రోజూ గండమే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన నొప్పి తగ్గదు గదా.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, "ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారు?" అని కేకలేసి, రాజమండ్రి ఫోను చేయించింది. మత్తు డాక్టరుగారు బయల్దేరారట. ఆపరేషనుకి అంతా సిద్ధం చేశారు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. అయిపోయింది, మళ్ళీ కొయ్యడమే అనుకున్నాను. ఎంతసేపటికీ ఆయన రాలేదు. చివరికి ఆయన దగ్గర్నుంచే ఫోనొచ్చింది. రావులపాలెంలో అరటిగెలల లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా పడిందట, ఇటు బండి అటు వెళ్ళట్లేదు, అటు బండి ఇటు రావట్లేదు.

మా అత్తగారు వరండాలో రావులపాలెం దిక్కుకి తిరిగి చేతులు జోడించారు. ఆలస్యమైతే పాదం దాటిపోతుందని ఆవిడ ఆశ. ఆలస్యమైతే కత్తి తప్పుతుందని నా ఆశ. అత్తాకోడళ్ళం ఇద్దరం ఒకే లారీకి దణ్ణం పెట్టుకున్నాం.

నా సంబరం ఎంతోసేపు లేదు. నొప్పులు ఒకదాని వెనక ఒకటి ఊపిరి తీసుకోనివ్వకుండా వచ్చాయి. నర్సమ్మ మాటిమాటికీ నా పాత మచ్చ మీద చెయ్యి వేసి అడిగేది. "ఇక్కడ నొప్పుందా అమ్మా? నొప్పి ఆగినప్పుడు కూడా ఇక్కడ ఉంటుందా? సరిగ్గా చెప్పు." ఏం చెప్పను? ఒళ్ళంతా నొప్పే. ఇల్లంతా తగలబడుతుంటే ఏ గదిలో వేడిగా ఉందని అడిగినట్టుంది. నా కుట్టు విడుతోందో లేదో నాకే తెలియదు. నా పొట్టలో జరిగేది నేనే చెప్పాలట, నాకేమో దాని భాష రాదు. డాక్టరమ్మ గొట్టం ఆనించి బిడ్డ గుండె వింటున్నంతసేపూ నేను ఆవిడ కనుబొమ్మలనే చూసేదాన్ని. ఆ కనుబొమ్మలు కాస్త ముడిపడితే నా ప్రాణం పోయేది.

అప్పుడు నా కోరికంతా ఆవిరైపోయింది. ఇంటి దగ్గర పెద్దాడు అన్నం తిన్నాడో లేదో అనిపించింది. నేను పోతే వాడు మా అమ్మనే అమ్మ అంటాడు, అదే నిజమైపోతుంది. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని, "నా వల్ల కాదండీ, కోసెయ్యండి. ఎవర్నైనా పిలిచి కోసెయ్యండి" అని ఏడిచాను.

"ఎవర్ని పిలవనమ్మా?" అంది ఆవిడ. విసుగ్గా కాదు. నిజంగానే అడిగింది. ఆవిడ చెయ్యి కూడా చల్లగా ఉంది.

నర్సమ్మ నా తలవైపు నిలబడి, "ప్రభువా, ప్రభువా" అని గొంతులో అనుకుంటోంది. ఆ చప్పుడొకటీ నాకు ఆసరాగా ఉంది. అప్పుడు తలుపు కొంచెం తెరుచుకుని మా అత్తగారి మొహం కనబడింది. చెంపల మీద కన్నీళ్ళు.

"అమ్మాయ్, ముక్కకమ్మా. ఇంకాస్సేపు ఆపుకో. మధ్యాహ్నం దాటితే ఆ పాదం వెళ్ళిపోద్ది. నీ కాళ్ళట్టుకుంటాను. ఆడు పైనెక్కి పన్జేసేవాడమ్మా."

"అదేమన్నా తుమ్మా ఆపుకోడానికి! బయటికెళ్ళండి!" అని డాక్టరమ్మ అరిచింది. తలుపు మూసుకుంది.

ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పనిది ఒకటుంది. నేను ఆపుకోబోయాను. నిజంగానే. కాళ్ళు దగ్గరికి లాక్కుని, ఊపిరి బిగబట్టి, మా ఆయన ఆ ఇనపమెట్ల మీద నిలబడ్డట్టు కళ్ళకి కట్టుకుని, నా బలమంతా పెట్టాను. నమ్మకం ఉండి కాదు. ఒకవేళ నిజమైతే ఎలాగని. బిడ్డ మాత్రం నా మాట వినలేదు, అత్తగారి మాట వినలేదు, పంచాంగం మాట వినలేదు. నా ఒళ్ళే నన్ను పక్కకి నెట్టేసి, తన పని తాను చేసుకుపోయింది. నేను అక్కడ ఉన్నానంటే ఉన్నాను.

ఆడపిల్ల. నర్సమ్మ తుడిచీ తుడవకుండానే నా గుండెల మీద పడేసింది. వేడిగా, జారిపోతూ, అరుస్తూ ఉంది. రెండు చేతులూ వేసి పట్టుకున్నాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, నా దగ్గర్నుంచి ఎవరూ తీసుకోలేదు. ఆ కాసేపు మాత్రం లోకంలో నాకు ఏ లోటూ లేదు. డాక్టరమ్మ లోపల చూసి, "కుట్టు గట్టిగానే ఉంది. బతికిపోయాం" అంది. బతికిపోయాం అంది, బతికిపోయావు అనలేదు. ఆవిడ కూడా నాతో పాటే కన్నదని అప్పుడు తెలిసింది.

మత్తు డాక్టరుగారు తర్వాతెప్పుడో చెమటలు కక్కుతూ పెట్టె పట్టుకుని వచ్చారు. "అయిపోయిందా?" అని టీ తాగి వెళ్ళారు.

మా అత్తగారు లోపలికొచ్చి, ముందు గోడ గడియారం చూశారు. తర్వాత బిడ్డని చూశారు. "ఎంత పని చేసేవమ్మా" అన్నారు. నాతో అన్నారో బిడ్డతో అన్నారో తెలియలేదు. మధ్యాహ్నం ఇంకా కాలేదు.

మర్నాటికే నేను లేచి నడిచాను, బిడ్డని నేనే ఎత్తుకున్నాను, పాలు పొంగి జాకెట్టు తడిసేది. కోరుకున్నవన్నీ వచ్చాయి. వచ్చినందుకు ఇంట్లో ఎవరి మొహానా నవ్వు లేదు. పురుడు వెళ్ళాక సిద్ధాంతిగారొచ్చి కూర్చుని శాంతి సంగతి చెప్పారు. తండ్రి ఈ పిల్ల మొహం నేరుగా చూడకూడదు. శాంతి చేయించి, కంచుగిన్నెలో నువ్వులనూనె పోసి, ముందు అందులో నీడ చూడాలి. ఆ తర్వాతే నేరుగా. తండ్రి వచ్చేది రెండేళ్ళకి.

"ఫోటో పంపొచ్చాండీ?" అని అడిగాను.

"మొహం చూడకూడదంటే ఫోటో అయినా మొహమేగా అమ్మా."

"మరి ఫోన్లో ఏడుపు వినొచ్చాండీ?"

ఆయన చాలాసేపు ఆలోచించారు. "శాస్త్రంలో ఫోను లేదు" అన్నారు చివరికి.

"రెండో పాదం ఎవరికి గండమండీ?" అని అడిగాను. ఊరికే అడిగాను, తెలుసుకుందామని.

"తల్లికి" అన్నారాయన.

మధ్యాహ్నం దాకా ఆపుకుంటే వచ్చేది ఆ పాదమే. మా అత్తగారు మజ్జిగ తెస్తానని లేచి లోపలికెళ్ళారు. ఆవిడకి ముందే తెలుసో లేదో నేను అడగలేదు. కొడుకా కోడలా అంటే ఏ తల్లయినా ఏం చెబుతుందో నాకూ తెలుసు. నాకూ ఒక కొడుకున్నాడు.

తర్వాత నేను కొత్తపేటలో ఫోటో స్టూడియోకి వెళ్ళి పిల్ల కాళ్ళు ఫోటో తీయించాను. కాళ్ళు మాత్రమే. ఆ స్టూడియో ఆయన "మొహం రాలేదమ్మా" అని ఒకటే గొడవ. "రావద్దనేనండి" అన్నాను. మొహం చూడకూడదన్నారు గాని కాళ్ళు చూడకూడదనలేదు కదా. మా ఆయన ఆ ఫోటో పర్సులో పెట్టుకుని, మస్కట్‌లో తన గదిలో పక్కమంచం వాళ్ళకి మా అమ్మాయి అని చూపించుకున్నారట.

ఇక శుక్రవారాలు. పిల్లని ఎత్తుకుని ఎదురింటికి వెళ్ళేదాన్ని. ఫోను దాని చెవికి ఆనించి, "నాన్న, నాన్న" అనేదాన్ని. మొదట్లో ఏడిచేది, ఆ ఏడుపునే అవతల ఆయన వింటూ ఉండేవారు. తర్వాత ఊ కొట్టేది. తర్వాత "హలో" నేర్చింది. శుక్రవారం కాకపోయినా పిడికిలి చెవికి పెట్టుకుని "హలో నాన్న" అంటూ ఇల్లంతా తిరిగేది. చూసినవాళ్ళందరూ పడీపడీ నవ్వేవారు.

ఆయన సెలవుకి వచ్చిన రోజు, ముందు గుమ్మంలోంచి ఆయన లోపలికి రాగానే, దొడ్డిగుమ్మంలోంచి మా అత్తగారు పిల్లని బయటికి తీసుకుపోయారు. శాంతి మర్నాడు. ఆ పూటంతా పిల్ల ఎదురింట్లో. అది ఆడుకుంటున్న మాటలు వీధి దాటి వినిపిస్తున్నాయి. ఆయన అన్నం కలుపుకుని, ముద్ద ఎత్తకుండా అలాగే వింటూ కూర్చున్నారు. ఆయన తెచ్చిన బొమ్మకారుని పెద్దాడు ఆ కంచం చుట్టూ తిప్పుతున్నాడు. నేను ఏం చెయ్యగలను? మళ్ళీ అన్నం వడ్డించాను.

మర్నాడు హోమమయ్యాక ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి ముందు కంచుగిన్నె పెట్టారు. నేను పిల్లని చంకనేసుకుని ఆయన వెనక నిలబడి వంగాను. నూనె కదలకుండా ఉంది. ముందు ఆయన మొహం, దాని పక్కన నా మొహం, మధ్యలో చిన్న మొహం ఒకటి. "కనబడిందా?" అన్నారు సిద్ధాంతిగారు. "ఆయ్" అన్నారు ఈయన. మా అత్తగారు గుండెల నిండా ఊపిరి తీసుకున్నారు. రెండేళ్ళుగా పట్టి ఉంచిన ఊపిరి అది.

"ఇక చూసుకో నాయనా" అన్నారు సిద్ధాంతిగారు.

ఈయన వెనక్కి తిరిగి చేతులు చాచారు. పిల్ల నా మెడ పట్టేసుకుంది. ఎవరో కొత్తమనిషి, మీసాలు, తడికళ్ళు. "నాన్నే అమ్మా, వెళ్ళు" అన్నాను. నాన్న అన్న మాట వినగానే దాని మొహం విప్పారింది. అది ఆయన చాచిన చేతుల వైపు చూడలేదు. వీధి గుమ్మం వైపు, ఎదురింటి వైపు చూసి, పిడికిలి చెవికి పెట్టుకుని, "హలో నాన్న" అంది.

అందరూ గొల్లున నవ్వారు. మా అత్తగారు కూడా నవ్వబోయి, కొడుకు మొహం చూసి ఆగిపోయారు. కన్నది నేనే, ముందు ఎత్తుకున్నది నేనే, ఆ పిల్లకి పాలిచ్చిందీ మాటలు నేర్పిందీ నేనే. ఆ క్షణాన ఆయనకి ఇవ్వడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు. పిల్ల మళ్ళీ "హలో" అంది, ఈసారి కాస్త గట్టిగా, లైను సరిగ్గా లేనప్పుడు నేను అన్నట్టే.

ఆయన చాచిన చేతుల్లో ఒకటి దించి, నా చంకలోంచి వేలాడుతున్న దాని కాలు మెల్లిగా పట్టుకున్నారు. రెండో చెయ్యి పిడికిలి చేసి తన చెవికి పెట్టుకున్నారు.

"హలో, అమ్మా" అన్నారు.